ఈస్ట్ ఫేసింగ్, రాక్ వ్యూ

పోయిన ఆదివారం ఫ్లాట్ చూడ్డానికి వెళ్ళాం. వెళ్ళాం అంటే నేనూ, నాన్నా. నాకు ఇరవై తొమ్మిది వచ్చేశాయి, ఇక ఇల్లు కొనకపోతే లోకం ఒప్పుకోదట. ఈ ఒక్క పని కోసం నాన్న మినుము చేను వేరేవాళ్ళకి అప్పజెప్పి మరీ ఊరు నుంచి వచ్చారు.

గచ్చిబౌలి దాటాక, అవుటర్ రింగ్ రోడ్డుకి కాస్త ఇవతల. ప్రాజెక్టు పేరెందుకులెండి. పద్నాలుగో అంతస్తులో మోడల్ ఫ్లాట్ చూపించారు. సేల్స్ అబ్బాయి నాకంటే చిన్నవాడే. మెడకి టై, చేతిలో టాబ్, చాలా మర్యాదగా మాట్లాడుతున్నాడు. హాలు, కిచెను, పూజ గది, యుటిలిటీ అన్నీ అయ్యాక బాల్కనీ తలుపు జరిపి, "ఈస్ట్ ఫేసింగ్, రాక్ వ్యూ సర్. ఈ సైడు ఫ్లాట్లకి ఎస్ఎఫ్‌టీకి వంద రూపాయలు ఎక్స్‌ట్రా" అన్నాడు.

బయటకి చూస్తే నిజంగానే బాగుంది. ఎదురుగా ఓ గుట్ట. దాని మీద ఏనుగంత రాళ్ళు ఒకదాని మీద ఒకటి, ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోతాయేమో అన్నట్టు నిలబడి ఉన్నాయి. రాళ్ళ సందులో ఓ రావి మొక్క. పొద్దుటి ఎండ పడి రాయంతా లేత గులాబీ రంగులో ఉంది.

నాన్న చాలాసేపు చూసి "ఈ రాళ్ళని ఎవరు పేర్చార్రా?" అన్నారు.

నేను నవ్వేలోపే సేల్స్ అబ్బాయికి ఆయన భయపడుతున్నారేమోనని అనుమానం వచ్చింది. "అవేం పడవు అంకుల్. అయినా ఫేజ్ టూ లో అదంతా లెవెల్ అయిపోతుంది. రెండు టవర్లు, క్లబ్ హౌస్ వస్తాయి. మీరు గృహప్రవేశం చేసే టైముకి కటింగ్ మొత్తం అయిపోతుంది, దుమ్ము కూడా ఉండదు" అన్నాడు.

"మరి ఈ వంద రూపాయలు దేనికి బాబూ?"

"వ్యూకి అంకుల్."

"ఆ వ్యూ ఉండదంటున్నావుగా?"

ఆ అబ్బాయి ఓ క్షణం ఆలోచించి, "అప్పుడు క్లబ్ హౌస్ వ్యూ వస్తుంది అంకుల్" అన్నాడు.

ముగ్గురం నవ్వేశాం. కారెక్కాక కూడా నవ్వుకున్నాం. రాత్రి పడుకున్నాక మాత్రం నవ్వు రాలేదు. పదిహేను వందల నలభై అడుగుల ఫ్లాటు, అడుక్కి వంద అంటే లక్షా యాభై నాలుగు వేలు. ఆ డబ్బులు తీసుకుని చూపించే గుట్టని, నాలాంటి వాళ్ళకి ఇంకో రెండు టవర్లు కట్టడానికి పేలుస్తారు. దీంట్లో మోసపోయేది నేనా, మోసం చేసేదాంట్లో నేనూ భాగస్వామినా అన్నది తేలక ఇదంతా రాస్తున్నా.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. అంతా కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రు మట్టి. చిన్నప్పుడు విసరడానికి ఓ గులకరాయి కావాలన్నా రైలు పట్టాల దగ్గరికి వెళ్ళాల్సిందే. అలాంటి చోటు నుంచి ఉద్యోగానికి హైదరాబాదు వచ్చినప్పుడు అందరూ చార్మినార్, గోల్కొండ చూశావా అని అడిగేవాళ్ళు. నాకు మాత్రం ముందు కంటబడినవి ఈ రాళ్ళే. బస్సు కిటికీలోంచి ఎటు చూసినా రాళ్ళు. ఇళ్ళ మధ్య, స్కూలు గ్రౌండులో, పెట్రోలు బంకు వెనకాల. ఇంత ఊళ్ళో వీటి గురించి ఎవరూ మాట్లాడరేమిటి అనుకునేవాణ్ణి. కొన్నాళ్ళకి నేనూ అలవాటుపడి చూడ్డం మానేశా. మళ్ళీ నాన్న వచ్చి అడిగేదాకా.

సరే, నాన్న ప్రశ్నకి జవాబు. ఎవరూ పేర్చలేదు. ఇది నాకు తెలిసినప్పుడు భలే ఆశ్చర్యం వేసింది కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

ఈ రాయి గ్రానైటు. సుమారు 250 కోట్ల ఏళ్ళ క్రితం, భూమి లోపల బాగా లోతున, కరిగి ఉన్న రాతిద్రవం నెమ్మదిగా చల్లారి ఇలా అయ్యింది. 250 కోట్లు అంటే మనకి తలకెక్కదు. హిమాలయాలు లేవడం మొదలై ఓ ఐదు కోట్ల ఏళ్ళు అయ్యింది. డైనోసార్లు పోయి ఆరున్నర కోట్ల ఏళ్ళు. ఈ రాయి ముందు అవన్నీ నిన్నా మొన్నా పుట్టినట్టు లెక్క.

చల్లారేటప్పుడూ, ఆ తర్వాత పైన ఉన్న బరువు తగ్గేకొద్దీ, రాయిలో పగుళ్ళు పడ్డాయి. నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని. అంటే ఇంకా నేల కిందే ఉండగానే రాయంతా పెద్ద పెద్ద దిమ్మలుగా విడిపోయిందన్నమాట. ఆ పగుళ్ళలోకి నీళ్ళు దిగాయి. గ్రానైటులో ఫెల్‌స్పార్ అనే ఖనిజం ఉంటుంది, నీళ్ళు దాన్ని మెల్లమెల్లగా మట్టిగా మార్చేస్తాయి. దిమ్మకి మొహం మీద ఒకవైపు నుంచే నీళ్ళ దెబ్బ. అంచు మీద రెండు వైపుల నుంచి, మూల మీద మూడు వైపుల నుంచి. అందుకని మూలలు ముందు అరిగిపోయి, చతురస్రంగా ఉన్న దిమ్మ గుండ్రంగా తయారవుతుంది. లక్షల ఏళ్ళ వానలకి చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోయాక, ఆ గుండురాళ్ళు ఎక్కడివి అక్కడే, ఒకదాని మీద ఒకటి కూర్చుని బయటపడ్డాయి.

కాబట్టి పై రాయి ఎక్కడి నుంచో వచ్చి కింది రాయి మీద పడలేదు. రెండూ మొదటి నుంచీ అలాగే ఉన్నాయి. ఒకప్పుడు రెండూ ఒకే రాయి. మధ్యలో ఉన్నది పోయిందంతే. క్రేను పెట్టి ఎత్తి ఇంకోచోట అలంకారంగా పెడితే రాయి వస్తుందేమో గానీ ఆ అమరిక రాదు.

దీనివల్ల మనకేం ఉపయోగం అని అడిగేవాళ్ళు ఉంటారు. (మా టీములోనే ఉన్నారు.) అందం మాట పక్కన పెట్టి నీళ్ళ మాట చూద్దాం. వాన పడితే బండ మీద నీళ్ళు ఇంకవు, జారి కిందికొస్తాయి. గుట్ట అడుగున, అరిగి మెత్తబడ్డ పొరలోకీ, దాని కింది పగుళ్ళలోకీ దిగుతాయి. మా డెల్టాలోలాగా ఇక్కడ నేల కింద మందపాటి ఇసుక పొరలు లేవు. హైదరాబాదులో బోరు వేస్తే వచ్చేది ఆ పైపొరలోనూ, పగుళ్ళలోనూ దాక్కున్న నీళ్ళే. గుట్టని పేల్చి మూడు నాలుగు సెల్లార్లు తవ్వినప్పుడు మొదట పోయేది ఆ పొరే. ఆ తర్వాత మనం అసోసియేషన్ మీటింగులో కూర్చుని ట్యాంకర్ల ఖర్చు గురించి కొట్టుకుంటాం.

ఈ ఊళ్ళో చెరువులు చాలావాటికి గుట్టలే ఆసరా. దుర్గం చెరువు చూడండి, గుట్టల మధ్య దాక్కుని ఉంటుంది. ఒకప్పుడు గోల్కొండ కోటకి నీళ్ళిచ్చిన చెరువని చెప్తారు. పాత కోడులో ఒక్కోసారి ఎవరికీ అర్థం కాని ఫంక్షన్ ఒకటి కనిపిస్తుంది. కొత్తగా చేరినవాడు పనికిరానిదని తీసేస్తాడు. వారం తర్వాత ఎక్కడో సంబంధం లేని మాడ్యూల్ పడిపోతుంది. మనకయితే పాత వెర్షన్ ఉంటుంది, వెనక్కి తెచ్చుకోవచ్చు. గుట్టకి ఆ సదుపాయం లేదు. చెట్టు నరికితే ఇంకోటి నాటి ఇరవై ఏళ్ళు ఆగొచ్చు. చెరువు పూడిస్తే, మనసుంటే, మళ్ళీ తవ్వొచ్చు. పేల్చిన రాయికి రెండో అవకాశం లేదు. నగరంలో మిగతా ప్రకృతికీ దీనికీ తేడా ఇదే.

ఇంతకీ ఏ గుట్టలు మిగిలాయి? నాకు తోచినంతలో, మనిషి ఏదో ఒక పేరుతో దణ్ణం పెట్టుకున్నవే ఎక్కువ మిగిలాయి. గోల్కొండ కోట ఉన్న కొండ మిగిలింది, కోటగోడల్లో ఆ గుండురాళ్ళని అలాగే కలుపుకుని కట్టారు. దర్గా ఉంది కాబట్టి మౌలాలి గుట్ట మిగిలింది. నౌబత్ పహాడ్ మీద 1976లో బిర్లా మందిర్ వచ్చింది. ఖాజాగూడలో ఫక్రుద్దీన్ గుట్ట మీద దర్గా ఉంది, అనంత పద్మనాభస్వామి గుడీ ఉంది. ఇద్దరు దేవుళ్ళు కాపలా కాస్తున్నా అక్కడ కూడా గుట్ట అంచులు కొరుక్కుతినడం ఆగలేదు, ఎప్పుడైనా ఆదివారం పొద్దున్నే వెళ్తే మీకే కనిపిస్తుంది.

దేవుడూ, నవాబూ ఎవరూ ఎక్కని గుట్టలు పేర్లలోనే మిగిలాయి. మాదాపూర్ పక్కన 'గుట్టల బేగంపేట' అని ఓ రెవిన్యూ గ్రామం ఉంది. రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఇప్పటికీ ఆ పేరే రాస్తారు. గుట్టలు కనిపించాలంటే కాగితంలోనే వెతుక్కోవాలి.

ఎందుకిలా అయ్యింది? అత్యాశ, అవినీతి అని చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ నాకు అంతకంటే చిన్న కారణం ఒకటి కనిపిస్తోంది. మన లెక్కల పుస్తకంలో రాయికి కాలమ్ లేదు.

చెట్టుకి 2002 నాటి వాల్టా చట్టం ఉంది. చెరువుకి ఎఫ్‌టీఎల్ అనీ, బఫర్ అనీ గీతలున్నాయి. (పాటిస్తారా లేదా అన్నది వేరే సంగతి, గీత అంటూ ఉంది.) నెమలికి 1972 వన్యప్రాణి చట్టం ఉంది. మరి రాయికి? 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ఉంది. కట్టడాలకి వాడే రాయి ఆ చట్టం ప్రకారం చిన్న తరహా ఖనిజం. కొట్టి తీసుకెళ్తే ఇంత అని సీనరేజీ కట్టాలి. అంటే రాయికి ప్రభుత్వం విలువ కట్టేది అది పగిలాక. నిలబడి ఉన్నంతసేపూ అది పోరంబోకు, లేదా 'చదును చేయాల్సిన స్థలం'. బిల్డరు పుస్తకంలో కూడా అంతే, 'రాక్ కటింగ్' అని ఓ ఖర్చు పద్దు.

అలాగని ఎవరూ ప్రయత్నించలేదని కాదు. 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అని కొంతమంది కలిసి ఓ సంస్థ పెట్టారు. ఊరి చుట్టూ ఉన్న రాళ్ళ దగ్గరికి జనాన్ని నడకకి తీసుకెళ్ళడం, ఫోటోలు తీయడం, ఉత్తరాలు రాయడం వాళ్ళ పని. హైదరాబాదు చరిత్ర రాసిన నరేంద్ర లూథర్ గారు దానికి అధ్యక్షుడిగా ఉన్నారు. 2021లో పోయారు ఆయన. ఐఏఎస్ ఆఫీసరు. బంజారాహిల్స్ లో తన ఇల్లు కట్టుకున్నప్పుడు రాయిని పగలగొట్టకుండా దాని చుట్టూ కట్టుకున్నారు. ఈ రాళ్ళ మీద ఓ డాక్యుమెంటరీ కూడా చేశారు. వీళ్ళ ప్రయత్నం వల్లే అప్పటి హుడా వారసత్వ జాబితాలో పాత దేవిడీలు, బంగళాలతో పాటు కొన్ని రాళ్ళూ చేరాయి. శిల్పారామంలో ఎలుగుబంటి మూతిలా ఉండే రాయి, సెంట్రల్ యూనివర్సిటీలో పుట్టగొడుగు రాయి, దుర్గం చెరువు చుట్టూ గుట్టలు, మౌలాలి దగ్గర ఒకటి, ఇలా. కట్టడం కాని వస్తువుని నగర వారసత్వం అని ఓ సర్కారు కాగితంలో ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అయితే ఆ జాబితాకి ఆధారమైన 13వ నిబంధనని 2015లో రద్దు చేశారు. 2017లో తెలంగాణకి కొత్త వారసత్వ చట్టం వచ్చింది. ఢిల్లీలో గనుల శాఖ కూడా 2022లో భూవారసత్వ స్థలాల కోసం ఓ ముసాయిదా బిల్లు విడుదల చేసింది. డ్రిల్లింగ్ మిషన్లు ముసాయిదాలు చదవవు కదా.

జాబితాతో ఇంకో చిక్కుంది. ఒక రాయికి పేరు పెట్టి జాబితాలో రాస్తే, ఆ రాయి ఒక్కటే మిగులుతుంది. 2025 మార్చి చివర్లో, ఉగాది, రంజాన్ సెలవులు వరసగా వచ్చినప్పుడు, కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదకి జేసీబీలు దిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం వెళ్ళారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అప్పటికే దాదాపు వంద ఎకరాల్లో పచ్చదనం పోయిందని కోర్టు ముందుకి నివేదిక వచ్చింది. అప్పుడు ప్రభుత్వం వైపు నుంచి రెండు మాటలు వినిపించాయి. ఒకటి, ఇది రికార్డుల్లో అడవి కాదు అని. రెండు, పుట్టగొడుగు రాయిలాంటి వాటిని ప్లానులో పచ్చని స్థలంగా ఉంచుతాం అని.

మొదటి మాటతో నాకు పెద్ద పేచీ లేదు, రికార్డులో 'కంచ' అనే ఉండొచ్చు. కంచ అంటే పశువులు మేసే బీడు. రికార్డులో ఏముందన్నది ఒకటి, నేల మీద ఏముందన్నది ఇంకొకటి. అక్కడ జింకలున్నాయి, నెమళ్ళున్నాయి, నక్షత్ర తాబేళ్ళున్నాయి. నన్ను ఇబ్బంది పెట్టింది రెండో మాట. చుట్టూ గాజు బిల్డింగులు, మధ్యలో రౌండుగా రెయిలింగు, లోపల లాన్, లాన్ మధ్యలో పుట్టగొడుగు రాయి. ఊహించుకోండి. నీళ్ళు జారే వాలు పోయింది, తాబేలు దాక్కునే సందు పోయింది, పక్క రాళ్ళు పోయాయి. చనిపోయిన పులి తలని గోడకి తగిలించి పులిని కాపాడామంటే ఎలా ఉంటుంది?

ఇదంతా ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్తే మా టీములో ఒకడు అన్నాడు, "నువ్వు కూర్చున్న ఈ బిల్డింగు కూడా గుట్ట కొట్టి కట్టిందే. 1998లో సైబర్ టవర్స్ కట్టకపోతే నువ్వు తెనాల్లో మినుములు ఎండబెట్టుకుంటూ ఉండేవాడివి. నీకు జీతం వచ్చాక, ఇల్లు కొనేటప్పుడు రాళ్ళు గుర్తొచ్చాయా?"

గట్టిగానే తగిలింది. నిజం కాబట్టి. నా జీతం, నా అద్దె ఇల్లు, నేను రోజూ వెళ్ళే రోడ్డు, అన్నీ పగిలిన గుట్టల మీదే ఉన్నాయి. ఇప్పుడొచ్చి ఇక్కడితో ఆపండి అనడానికి నాకు ఏం హక్కుందని చాలా ఆలోచించా. జనం వస్తూనే ఉంటారు, వాళ్ళకి ఇళ్ళు కావాలి, గాల్లో కట్టలేరు. కానీ ఇప్పటిదాకా పోయాయి కాబట్టి మిగిలినవీ పోవాలన్నది వాదన కాదు. తక్కువ మిగిలిన కొద్దీ జాగ్రత్త పెరగాలి గానీ తగ్గకూడదు కదా.

రాయి కొట్టడమే తప్పని కూడా నేననను. చార్మినార్ లో ఉన్నదీ గ్రానైటే. తేడా ఎక్కడో మా అపార్టుమెంట్ వాచ్‌మన్ చెప్పాడు. పాలమూరు నుంచి వచ్చిన పెద్దాయన, వయసులో ఉన్నప్పుడు రాళ్ళు కొట్టేవాడట. "మేం బండ ఎటు పగుల్తదో సూసి, గుర్తు పెట్టుకుని కొడుతుంటిమి సార్. సమ్మెట, ఉలి, ఇంతే. ఒక్క గుట్ట మా తాత కొట్టిండు, మా నాయన కొట్టిండు, నేను గూడ కొట్టిన. ఇంకా మస్తు మిగిలింది. దేవుడున్న బండను ముట్టకపోతుంటిమి. ఇప్పుడు మందు పెడుతున్రు, ఇటాచీ పెడుతున్రు. మూణ్ణెల్లకు గుట్ట లేదు, గుంత ఉంటది" అన్నాడు. మూడు తరాల పని మూడు నెలల్లో అయిపోతోంది. అడ్డం చెప్పడానికి ఆ బండ మీద దేవుడు కూడా లేడు.

మరయితే ఏం చేయాలి? నేను చట్టాలు చదివినవాణ్ణి కాదు. కానీ రోజూ ఫారాలూ, ఫీల్డులూ తయారుచేసేవాణ్ణి కాబట్టి, ఒక సంగతి తెలుసు. ఫారంలో ఫీల్డు లేకపోతే ఆ వస్తువు సిస్టంలో లేనట్టే. అందుకని నా కోరికలు చాలా చిన్నవి.

మొదటిది, పర్మిషన్ కోసం ఇచ్చే సైట్ ప్లానులో నాలా, చెరువు గీసినట్టే, ఉన్న రాళ్ళనీ గీయాలి. ఎక్కడ, ఎంత ఎత్తు, ఎంత చుట్టుకొలత. గీసింది ఉంచుతారా తీసేస్తారా అన్నది తర్వాత మాట. ముందు కాగితం మీదకి రానీండి. ఏం పోగొట్టుకుంటున్నామో సంతకం పెట్టేవాడికయినా తెలుస్తుంది.

రెండోది, పెద్ద ప్రాజెక్టుల్లో ఎలాగూ కనీసం పది శాతం ఖాళీ స్థలం వదలాలి. ఆ పది శాతాన్ని ఏదో మూల, చదును చేసిన చోట గడ్డి పరిచి చూపించే బదులు, గుట్ట ఉన్నచోటే వదలాలని రూలు పెట్టొచ్చు. బిల్డరుకి ఒక్క అడుగు కూడా నష్టం లేదు, పైగా రాక్ కటింగ్ ఖర్చు మిగులుతుంది. గుట్ట అంతకంటే పెద్దదయితే, రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్ళకి ఇస్తున్నట్టు టీడీఆర్ ఇవ్వొచ్చు, ఆ అంతస్తులు ఇంకోచోట కట్టుకుంటాడు.

ఇదేం ఎక్కడా లేని వింత కాదు. బెంగళూరు లాల్‌బాగ్ మధ్యలో ఉన్న బండని 1975లో జీఎస్ఐ జాతీయ స్మారకంగా ప్రకటించింది. దాదాపు 300 కోట్ల ఏళ్ళ రాయి. పైన కెంపేగౌడ పేరు మీద చిన్న గోపురం ఉంటుంది. పొద్దున్నే జనం ఆ బండెక్కి ఊరిని చూస్తారు, పిల్లలు జారుతూ ఆడుకుంటారు. ఊరు దాని చుట్టూ పెరిగింది, దాని మీద పెరగలేదు. అది తోటలో ఉంది కాబట్టి సరిపోయింది. మనవి సర్వే నంబర్లలో ఉన్నాయి, అదే వచ్చిన ఇబ్బంది.

మూడోది కొనేవాళ్ళ పని. అంటే నా పని.

సోమవారం రాత్రి ఆ సేల్స్ అబ్బాయికి మెయిల్ పెట్టా. ఎదురుగా ఉన్న గుట్టని ఫేజ్ టూ లో ఉంచేలా ప్లాను మారుస్తే, ఆ సంగతి నా అగ్రిమెంటులో ఓ క్లాజుగా రాస్తే, వంద కాదు, ఎస్ఎఫ్‌టీకి రెండొందలు ఎక్కువ ఇస్తానని. మూడు లక్షల ఎనిమిది వేలు. నాకది చిన్న మొత్తం కాదు. నాన్నకి చెప్తే తిడతారేమో అనుకున్నా గానీ, "రాసి ఇస్తే ఇద్దాంలే" అన్నారు.

బుధవారం జవాబొచ్చింది. చాలా మర్యాదగానే రాశాడు. "సర్, మీ సజెషన్ మేనేజ్‌మెంట్ కి పంపించాం. కానీ అలాంటి క్లాజు మా అగ్రిమెంట్ ఫార్మాట్ లో లేదు."

ఆ అబ్బాయి తప్పేం లేదు. నిజంగానే ఫార్మాట్ లో లేదు. ఒక్కడు అడిగితే అది 'సజెషన్'. యాభైమంది అడిగితే ఫార్మాట్ మారుతుంది, మా కంపెనీలో రిక్వైర్మెంట్లు మారేది కూడా అలాగే. మీలో ఎవరైనా ఈ ఏడు ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే, వాస్తు, కార్పెట్ ఏరియా, పార్కింగు అన్నీ అడిగాక, చివర్లో ఈ ఒక్క ప్రశ్న కూడా అడగండి. "ఈ సైటులో ముందు ఏ రాళ్ళుండేవి? ఇప్పుడున్నవి ఉంచుతారా?" డబ్బులేం ఖర్చు కావు.

నేనింకా సంతకం పెట్టలేదు. నాన్న గురువారం బండెక్కి వెళ్ళిపోయారు, మినుము కోతకొచ్చింది. వెళ్ళేముందు రోజు సాయంత్రం ఖాజాగూడ తీసుకెళ్ళా. మోకాళ్ళ నొప్పి ఉన్నా సగం దాకా ఎక్కి, ఓ బండ మీద చెప్పులు విడిచి కూర్చున్నారు. ఎండ పోయినా రాయి ఇంకా వెచ్చగానే ఉంది. "ఎవరూ పేర్చలేదంటావ్" అన్నారు. లేదు నాన్నా, మొదటి నుంచీ ఇలాగే ఉన్నాయి అన్నా.

"అయితే మనం కదిపితే మళ్ళీ పెట్టేవాడు లేడన్నమాట" అన్నారు.

నేను ఇంత పొడుగు రాసింది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశారు.